పరభాష నేర్చిన మన్రో

ఎమ్మిగనూరు సంతలో కొంతసేపు నిలబడితే తెలుగు, కన్నడం, ఉర్దూ మూడు భాషలూ చెవిన పడతాయి. ఇంట్లో ఒక భాష, బజారులో మరొక భాష మాట్లాడడం ఈ సీమ ప్రజలకు కొత్త కాదు. రెండు వందల ఏళ్లకు పూర్వం, సముద్రాలకు ఆవల పుట్టిన ఒకాయన ఈ ప్రాంతానికి అధికారిగా వచ్చాడు. ఆయన ఆ స్థానానికి ఎదగడానికి పరభాషా పరిచయం ఎంతో తోడ్పడింది. ఆయనే సర్ థామస్ మన్రో.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో వర్తకుడు. చిన్నతనంలో తట్టు సోకడంతో థామస్‌కు వినికిడి కొంత తగ్గింది. అయినా చదువులో వెనుకబడలేదు. స్పానిషు రచయిత సెర్వాంటెస్ రాసిన ‘డాన్ క్విక్సోట్’ అనే నవలను మూలంలోనే చదవాలని ఆ బాలునికి కోరిక కలిగింది. నేర్పే గురువు లేడు. వ్యాకరణ గ్రంథం, నిఘంటువు దగ్గర పెట్టుకొని తనంతట తానే స్పానిషు నేర్చుకున్నాడు. కోరుకున్న పుస్తకాన్ని చదివాడు. దానివల్ల ఉద్యోగం రాలేదు, ధనం రాలేదు. కాని పరభాషను సాధించే పద్ధతి అలవడింది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వల్ల తండ్రి వ్యాపారం దెబ్బతిన్నది. థామస్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసు చేరుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు 18 ఏళ్లు. అది హైదరాలీతో యుద్ధం జరుగుతున్న కాలం. సైనిక జీవితంలో చిక్కిన తీరికను మన్రో వృథా చేయలేదు. హిందుస్తానీ, పారశీక భాషలు నేర్చుకున్నాడు. ఒకనాడు ఒక పారశీక గ్రంథంలో షేక్‌స్పియర్ నాటకం ‘వెనిసు వర్తకుడు’లోని కథను పోలిన కథ ఆయన కంటబడింది. దానిని ఇంగ్లీషులోకి అనువదించి స్వదేశానికి పంపాడు. షేక్‌స్పియర్ రచనలను పరిష్కరించిన మెలోన్ అనే పండితుడు 1790లో దానిని తన సంపుటంలో ప్రకటించాడు. రెండు భాషలు తెలిసినందువల్లనే ఆ పోలిక ఆయనకు తెలిసింది.

1792లో టిప్పు సుల్తానుతో జరిగిన సంధి వల్ల బారామహల్ ప్రాంతం కంపెనీ వశమైంది. నేటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతమే అది. అక్కడ శిస్తు వ్యవహారాలు చూడడానికి దేశభాషలు తెలిసిన అధికారులు కావలసివచ్చారు. మద్రాసులోని కంపెనీ ఉద్యోగులలో అటువంటివారు అరుదు. అందువల్ల గవర్నరు జనరల్ కారన్‌వాలిస్ సైన్యంలో పనిచేస్తున్న కెప్టెన్ రీడ్‌ను ఆ పనికి నియమించాడు. ఆయనకు సహాయకులుగా ఎంపికైన ముగ్గురు సైనికాధికారులలో మన్రో ఒకడు. ఆనాడు నేర్చిన భాష ఆయన జీవిత మార్గాన్నే మార్చివేసింది.

ఆ రోజులలో భాష తెలియని అధికారి దుబాసీ మీద ఆధారపడేవాడు. దుబాసీ చెప్పిందే రైతు మాట. దుబాసీ చెప్పిందే దొర ఆజ్ఞ. మధ్యలో ఒక్క మాట మారినా నష్టపోయేది రైతే. వానలు లేక పంట ఎండిపోయిన సంగతి అధికారి చెవిన పడకపోతే శిస్తు తగ్గేది కాదు.

1800లో నిజాం నవాబు బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి ఇచ్చివేశాడు. ఇవే దత్తమండలాలు. మన్రో వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పనిచేశాడు. ఎక్కువ కాలం గుడారాలలో ఉంటూ ఊరూరా తిరిగాడు. భూములను కొలిపించాడు. మధ్యవర్తులు లేకుండా రైతుతోనే నేరుగా లెక్క తేల్చే రైతువారీ పద్ధతిని అమలు చేశాడు. ఆయన కంపెనీ సేవకుడే. శిస్తు రాబట్టడం, పాలెగాళ్లను అణచడం ఆయన విధులు. ఆనాటి శిస్తు భారం కూడా తక్కువది కాదు. అయితే రైతుల స్థితిని గమనించి, నాలుగవ వంతు శిస్తు తగ్గించాలని 1807లో పైవారికి సిఫారసు చేశాడు. వారు అప్పుడు అంగీకరించలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరు అయిన తరువాత ఆ తగ్గింపు అమలులోకి వచ్చింది.

గవర్నరుగా మన్రో యువ ఉద్యోగులకు దేశభాషలు నేర్చుకోవలసిన అవసరాన్ని బోధించాడు. 1820లో మద్రాసు కళాశాలలో ఆయన చేసిన ప్రసంగం విన్నవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకడు. ఆ మాటలు బ్రౌన్ మనస్సులో నాటుకున్నాయి. అదే ఏడాది కడపలో ఉద్యోగంలో చేరిన ఆ యువకుడు వేమన పద్యాలను సేకరించి ప్రచురించాడు. తెలుగు నిఘంటువులను నిర్మించాడు. ఒకరి భాషాభిమానం మరొకరికి దారి చూపడమంటే ఇదే.

1822లో మన్రో రాజధానిలోని బడుల వివరాలు పంపాలని కలెక్టర్లను కోరాడు. ఆనాటి బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణాన్ని, నిఘంటువును రచించిన పండితుడు. ఆయన 1823లో పంపిన లెక్క ప్రకారం బళ్లారి జిల్లాలో 533 బడులు ఉండేవి. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ, సంస్కృత బడులు 23 చొప్పున, పారశీక బడులు 21, తమిళ బడులు 4. ఇంగ్లీషు నేర్పే బడి ఒక్కటే. ఎమ్మిగనూరు అప్పటి బళ్లారి జిల్లాలోనిదే. ఇన్ని భాషలు పక్కపక్కనే వర్ధిల్లిన నేల ఇది.

1827లో పదవీ విరమణకు ముందు మన్రో దత్తమండలాలను చివరిసారిగా చూడాలని బయలుదేరాడు. దారిలో కలరా సోకి జూలై 6న పత్తికొండలో మరణించాడు. గుత్తిలో ఆయనను ఖననం చేశారు. తరువాత అస్థికలను మద్రాసుకు తరలించారు. ఈ సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

వినికిడి తక్కువైన ఒక బాలుడు నిఘంటువు ముందు పెట్టుకొని ఒక కథ కోసం పరాయి భాష నేర్చాడు. ఆ అలవాటే తరువాత ఆయనను రైతుల పొలాల దాకా నడిపించింది. పరభాష నేర్చినవానికి కొత్త గ్రంథాలు అందుతాయి, ఉపాధి దొరుకుతుంది. అంతకంటె ముఖ్యమైనది, ఎదుటివాని కష్టసుఖాలు వాని నోటనే వినగలగడం. రెండు భాషల నడుమ పెరిగే సరిహద్దు పిల్లలకు ఆ విద్యలో మొదటి పాఠం ఇంటి వాకిట్లోనే దొరుకుతుంది.