గుమ్మం బయట కూర్చుని పాఠం విన్న సేమూర్

పెంతెకోస్తు బోధకులకు బైబిలు శిక్షణ కావాలా, పరిశుద్ధాత్మ నడిపింపు చాలదా అన్న చర్చ పాతదే. ఆ ఉద్యమాన్ని లోకానికి చాటిన విలియం జోసెఫ్ సేమూర్ మాత్రం వాక్యం నేర్చుకోవడం కోసం అవమానాన్ని కూడా సహించారు.

సేమూర్ 1870 మే 2న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో జన్మించారు. తల్లిదండ్రులు బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారు. యౌవనంలో హోటళ్లలో వడ్డన పని చేశారు. మశూచి సోకి ఒక కంటి చూపు పోయింది.

హ్యూస్టన్ నగరంలో ఛార్లెస్ పర్హామ్ అనే తెల్లజాతి బోధకుడు బైబిలు పాఠశాల నడుపుతున్నారని విని సేమూర్ అక్కడికి వెళ్లారు. తెల్లవారి సరసన నల్లవారు కూర్చుని చదువుకునే వీలు అప్పట్లో టెక్సాస్‌లో లేదు. అందుచేత సేమూర్ గది బయట నడవలో కూర్చుని కొద్ది వారాలపాటు పాఠాలు విన్నారు.

1906 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ చేరి, తాను నేర్చుకున్నది బోధించారు. అది నచ్చక, పిలిపించిన సంఘంవారే తలుపులకు తాళం వేశారు. సేమూర్ వెనుదిరగలేదు. ఇళ్లలో ప్రార్థనలు జరిపారు. జనం పెరిగాక ఏప్రిల్‌లో అజూసా వీధిలో, గుర్రపుశాలగా వాడిన పాత భవనానికి మారారు. చెక్కపెట్టెలే ప్రసంగ వేదిక. నల్లవారు, తెల్లవారు, మెక్సికన్లు కలిసి మోకరించారు. ఆ ఏడే వచ్చిన పర్హామ్ ఆ కూటాలను ఈసడించారు. సేమూర్ గురువు మాటకు తలవంచలేదు.

ఉత్సాహం ఉన్నంత మాత్రాన అన్నీ సిద్ధించవని త్వరలోనే తెలిసింది. అజూసా నుంచి ఆల్‌ఫ్రెడ్ గార్ దంపతులు, ప్రార్థనలో తమకు బెంగాలీ భాష వరంగా వచ్చిందని నమ్మి కలకత్తా వచ్చారు. తీరా వచ్చాక ఆ భాషలో బోధించడం సాధ్యం కాలేదు. తరువాత హాంకాంగ్ వెళ్లి చైనా భాషను అందరిలాగే కష్టపడి నేర్చుకోవలసి వచ్చింది.

సేమూర్ కూడా గురువు చెప్పినదాన్ని లేఖనాలతో సరిచూసుకున్నారు. అన్యభాషలు ఒక్కటే చాలవని, ప్రేమ లేనిచోట అవి గుర్తు కావని బోధించారు. 1915లో సిద్ధాంతాలు, సంఘ నియమాలతో పుస్తకం వెలువరించారు. 1922 సెప్టెంబరు 28న కన్నుమూశారు.

ఆ ఏడే అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, 1927లో కేరళలో పెంతెకోస్తు సేవకులకు బైబిలు పాఠశాలలు వెలిశాయి. మందను నడిపేవాడు ముందు తాను నేర్చుకోవాలి, నేర్చుకున్నదాన్ని వాక్యంతో తూచి చూసుకోవాలి అన్నదే సేమూర్ జీవితం చెప్పే పాఠం.