గుంటూరుకు వలస వచ్చిన డాక్టరమ్మ

వానలు తప్పిన ఏడు మన కమలాపురం ప్రాంతం నుండి బ్రతుకుతెరువు కోసం బెంగుళూరుకో, కువైటుకో పోవడం మనకు కొత్త కాదు. కర్నూలుకు పడమట కోసిగి, ఆదోని వైపు పల్లెల్లో దీనినే సుగ్గికి పోవడం అంటారు. ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు పోతారు. ఆ పోయేవారిలో కడుపుతో ఉన్న తల్లులూ ఉంటారు.

అదే గుంటూరుకు నూరేళ్ళ క్రితం సముద్రాలు దాటి వలస వచ్చిన డాక్టరమ్మ మేరీ గ్లౌరీ గారు.

ఆమె 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. ఆ ఇంట్లో ప్రతిరాత్రి జపమాల చెప్పుకొనేటప్పుడు తల్లి డాక్టర్ల కోసం కూడా ప్రార్థించమని బిడ్డలకు నేర్పింది. (మన ఇళ్ళలో ఎన్నో విన్నపాలు చేసుకుంటాం గాని, డాక్టర్లను ఎందరం తలుస్తామో!) మేరీ 1910లో మెల్‌బోర్న్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, ఆ నగరంలోనే పేరున్న డాక్టరయ్యారు.

1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు డాక్టరమ్మ గురించినది. భారతదేశంలో ఎందరో స్త్రీలు మగ డాక్టరుకు నాడి కూడా చూపించుకోరని, కాన్పులలో తల్లులూ బిడ్డలూ చనిపోతున్నారని, స్త్రీ డాక్టర్లు తప్ప వారికి వేరే దిక్కు లేదని గ్రహించి, రావల్పిండిలో ఆసుపత్రి పెట్టించిన పుణ్యాత్మురాలు ఆగ్నెస్. చదవడం ముగించేసరికి మేరీ మోకాళ్ళూనారు. వెళ్ళాలని అప్పుడే నిశ్చయించుకున్నా, యుద్ధం వలన నాలుగేళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది. ఆ కాలాన్ని వృథా చేయలేదు. కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం చదివి 1919లో ఎం.డి. పట్టా పొందారు.

1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి యేసు మరియ జోజప్ప సభలో చేరారు. ఇక్కడొక చిక్కు. ఆనాటి శ్రీసభ చట్టం ప్రకారం మఠవాసులు వైద్యం చేయరాదు. ఆమెకు పోపు పదిహేనవ బెనెడిక్టు గారు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. కన్యస్త్రీలందరికీ ఆ ద్వారం తెరుచుకున్నది 1936లో. తిరు హృదయ మరియమ్మగా వ్రతాలు తీసుకున్న మేరీ గారు అప్పటికే ఎన్నో ఏళ్ళుగా గుంటూరులో రోగులను చూస్తూ ఉన్నారు. చిన్న మందుల గది సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా పెరిగింది. ఆసుపత్రికి రాలేని తల్లుల కోసం ఆమే పల్లెలకు వెళ్ళేవారు.

అన్నిటికంటె గొప్ప పని, నా దృష్టిలో, స్థానిక ఆడపిల్లలకు నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పించడం. పురిటి మంచం దగ్గర తన భాష మాట్లాడే మనిషి ఉంటే ఏ తల్లికైనా ధైర్యమే కదా. 1943లో ఆమె స్థాపించిన కతోలిక ఆసుపత్రుల సంఘంలో నేడు మూడువేలకు పైగా సంస్థలున్నాయి. చివరికి కాన్సరుతో బాధపడి 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

నేడు డాక్టర్లున్నారు, ఆసుపత్రులున్నాయి. అయినా సుగ్గికి పోయిన తల్లికి పరీక్షలు తప్పిపోతుంటాయి. ఆమె పేరు సొంత ఊరి నర్సమ్మ రిజిస్టరులో ఉంటుంది, ఆమె మాత్రం మిరప చేలో గుడిసెలో ఉంటుంది. అక్కడి నర్సమ్మకు ఈమె ఉన్నట్టే తెలియదు. పరీక్షకు పోతే ఆ రోజు కూలి పోతుంది. కాన్పులోగా కనీసం నాలుగుసార్లు బరువు, రక్తపోటు, రక్తం, మూత్రం చూపించుకోవాలి. సుగ్గికి బయలుదేరే కుటుంబాలు తల్లీబిడ్డల కార్డును మూటలో పెట్టుకోవాలి. అది చూపితే ఏ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఇంతవరకు జరిగిన పరీక్షలు, వేసిన సూదులు తెలుస్తాయి. ప్రతినెల 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది. నొప్పులు మొదలైతే 108కి ఫోను చేయాలి.