కాటన్ దొర నేర్పే రిక్వైర్‌మెంట్స్ పాఠం

ఇంటర్వ్యూలో ‘ఫలానా యాప్ డిజైన్ చేయండి’ అనగానే మనలో చాలామంది వెంటనే డేటాబేస్ టేబుల్స్ గీసేస్తాం. ఎదుట కూర్చున్నవాళ్లు చూసేది వేరు. ఇది ఎవరికి, ఎందుకు, ఎలాంటి పరిమితుల్లో అని మీరు అడుగుతారా, లేదా? ఈ అడగడాన్నే సాఫ్ట్‌వేర్‌లో రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్ అంటారు. ఇక్కడ దొర్లిన తప్పును చివర్లో దిద్దాలంటే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుందని బారీ బోమ్ 1981లోనే తన పుస్తకంలో వివరించారు.

కోనసీమ వాళ్లయితే ఈ పాఠం బస్సులోనే చదువుకోవచ్చు. అమలాపురం నుంచి పి.గన్నవరం మీదుగా రాజోలు వెళ్తుంటే వైనతేయ పాయ వస్తుంది. కింద నది, పైన ఆక్విడక్టులో కాలువ. అక్కడిదాకా నీళ్లు తెచ్చిన పథకం సర్ ఆర్థర్ కాటన్‌ది.

కాటన్ 1803లో ఇంగ్లండ్‌లో పుట్టారు. 1821లో, అంటే మీలో చాలామంది డిగ్రీలో చేరే వయసుకి, మద్రాసు వచ్చేశారు. కావేరి డెల్టాలో పనిచేస్తూ పాతకాలపు కల్లణైని శ్రద్ధగా చూశారు. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో అక్కడి పాత ఇంజినీర్ల దగ్గరే నేర్చుకున్నామని తర్వాత బాహాటంగా ఒప్పుకున్నారు. మన భాషలో చెప్పాలంటే, కొత్త సిస్టమ్ రాసే ముందు పాత సిస్టమ్ ఎలా నడుస్తోందో చదివారు.

ఇక గోదావరి. 1833లో భయంకరమైన కరువు, 1839లో కోరంగిని తుడిచిపెట్టిన తుపాను. జిల్లా చితికిపోయింది. 1844లో కాటన్ పరిశీలన మొదలుపెట్టారు. పక్కన ఏటేటా నిండుగా పారే నది, ఇటు ఎండిన చేలు. అంటే కొరత నీళ్లది కాదు, నీటి మట్టానిది. డెల్టాలో నది ఒడ్డు మెరకగా, లోపలి పొలాలు పల్లంగా ఉంటాయి. డెల్టా మొదట్లో నీటిని కాస్త పైకెత్తితే మెరక మీద కాలువలు తవ్వి పల్లానికంతా పారించొచ్చు. సమస్యను ఇలా సరిగ్గా చెప్పుకోగానే సగం డిజైన్ తేలిపోయింది.

తర్వాత ఎవరికి ఏం కావాలో చూడండి. రైతుకి సాగునీరు, వరద గట్లు. వర్తకుడికి సరుకు పడవలు తిరిగే కాలువలు, అందుకు లాకులు. కంపెనీ ప్రభుత్వానికి శిస్తు. పరిమితులేమో ఇసుక అడుగు, బిగపట్టి ఇచ్చే డబ్బు, వరదకీ వరదకీ మధ్య దొరికే కొద్ది నెలలు. లంకలు నదిని చీల్చిన ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. మధ్యలో కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్లినా కెప్టెన్ ఆర్ పని నడిపారు. వీణెం వీరన్న లాంటి స్థానికుడు తోడున్నారు. వైనతేయ అవతలి నగరం దీవికి నీళ్లందించడానికి హేగ్ అనే ఇంజినీరు 49 కమానుల ఆక్విడక్టును ఒక్క సీజన్‌లో కట్టించారు. కొత్త బ్యారేజీ వచ్చేదాకా, అంటే వందేళ్లకు పైగా, ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకి నీళ్లిచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు విజయగాథ. అసలు పాఠం కర్నూలులో ఉంది.

తుంగభద్ర నీటితో సాగుకీ పడవలకీ పనికొచ్చే కాలువలు తవ్వాలని కాటనే గట్టిగా వాదించారు. ఒక ప్రైవేటు కంపెనీ 1860లలో కర్నూలు-కడప కాలువ కట్టింది. ఖర్చు అంచనాలు దాటిపోయింది. నీళ్లు వచ్చాయి, తీసుకునే రైతులే తక్కువ. అక్కడ చాలా భాగం నల్లరేగడి. తేమ పట్టి ఉంచే ఆ నేలలో వాన మీదే పంట తీయడం వాళ్లకి అలవాటు, డబ్బు కట్టి నీళ్లు కొనే అవసరం ఏటా ఉండదు. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనేయాల్సి వచ్చింది. తర్వాతి కాలంలో అదే కాలువ ఎందరికో ఆధారమైంది, అది వేరే సంగతి.

ఆలోచన ఒకరిదే, ఫలితాలు రెండు. గోదావరిలో అవసరాన్ని నేల మీద చూసి కట్టారు. కర్నూలులో గోదావరి జవాబునే తీసుకెళ్లి పెట్టారు. సరిగ్గా కట్టామా అనేది ఒక ప్రశ్న, కట్టాల్సిందే కట్టామా అనేది ఇంకో ప్రశ్న. టెస్టింగ్ పాసైనంత మాత్రాన రెండోదానికి జవాబు దొరకదు. నా మొదటి ఉద్యోగంలో మూడు నెలలు కూర్చుని ఒక రిపోర్టు స్క్రీన్ చేశాను. బగ్ ఒక్కటీ లేదు. వాడినవాళ్లూ ఒక్కరూ లేరు. వాళ్లని నేను ముందుగా ఒక్కసారి కూడా అడగలేదు మరి.

కాటన్ 1899లో కన్నుమూశారు. ఆయన ఫొటోలు మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. మీరు మాత్రం ఈ వారం ఒక పని చేయండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి కోడ్ రాసే ముందు అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి వెళ్లండి. రైతుని, వ్యాపారిని, లెక్కలు రాసే గుమస్తాని విడివిడిగా కూర్చోబెట్టి ఇబ్బందులేంటో అడగండి. ముగ్గురూ చెప్పింది ఒక పేజీలో రాయండి. ఎక్కడ పొంతన కుదరదో అక్కడ గీత గీయండి. రేపు ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగితే ముందు ఆ పేజీ గురించే చెప్పండి.