కర్నల్ ఎవరెస్టు: ఒక గుండు, ఒక దారము

ప్రపంచమునందలి అత్యున్నత శిఖరము పేరేమని అడిగినచో మన పాఠశాలలలో చిన్న తరగతి బాలుడైనను తడుముకొనక చెప్పును. ఆ పేరు గల మనుష్యుడు ఆ శిఖరమును కొలువలేదనియు, దానికి తన పేరు పెట్టుట ఆయనకే సమ్మతము కాలేదనియు చెప్పినచో బాలుడే కాదు, పాఠము చెప్పు పంతులుగారు కూడ ఆశ్చర్యపడవచ్చును. అంతకంటె మనకు దగ్గర సంగతి మరియొకటి కలదు. ఆ మనుష్యుడు తన 29వ యేట మన కృష్ణా గోదావరుల నడిమి అడవులలో చలిజ్వరముపాలై చావు అంచుదాక పోయి వచ్చెను.

రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు నిర్దేశ చట్రము అను పాఠమునకు రాగానే రైలుబండిని ఉదాహరణగా తీసికొందురు. బొగ్గుబండి కదలుచున్నదని ప్లాట్‌ఫారముమీది బాలుడనును. వ్యాగనులోని బొగ్గుపెళ్ల పక్క పెళ్లనుబట్టి చూచిన కదలనే లేదు. ఉదాహరణ మంచిదే. కాని ఆ తొందరలో మొదటి మెట్టును దాటిపోవుట జరుగుచున్నది. చలనము మాట తరువాత. ఒక వస్తువు ఎక్కడ ఉన్నదో చెప్పుటకే ముందు ఒక మూలబిందువును, మూడు దిక్కులును కావలెను. ఆ మూడింటిలో నిలువు అనునది మనకు పుట్టుకతోనే తెలిసినట్లు తోచును. తాపీపనివాడు గోడకు పట్టు గుండుదారము దానికి సాక్షి. ఆ సాక్షి ఎంతవరకు నమ్మదగినది? జార్జి ఎవరెస్టు జీవితములో అధికభాగము ఈ ప్రశ్నతోనే గడచెను.

ఆయన 1790వ సంవత్సరము జులై 4న జన్మించెను. వూలిచ్‌లోని సైనిక విద్యాలయమున గణితము నేర్చి, 16 ఏండ్ల ప్రాయమున 1806లో బెంగాలు ఫిరంగిదళమున చేరి మన దేశమునకు వచ్చెను. 1814 మొదలు రెండు సంవత్సరములు జావాద్వీపమును సర్వే చేసెను. ఆ పని చూచిన పెద్దలు ఆయనను విలియం లాంబ్టనుకు సహాయకునిగా నియమించిరి. 1818 చివర ఆయన హైదరాబాదు చేరెను.

లాంబ్టను 1802లో మద్రాసు చెంత సెయింట్ థామస్ కొండ దగ్గర ఒక ఆధారరేఖను కొలిచి, అక్కడినుండి దేశమునంతను త్రిభుజములతో కప్పుకొనుచు వచ్చెను. పద్ధతి మన తొమ్మిదవ తరగతి విద్యార్థికి తెలిసినదే. త్రిభుజమున ఒక భుజము, రెండు కోణములు తెలిసినచో తక్కిన భుజములు లెక్కకు వచ్చును. అట్లు వచ్చిన భుజము మరొక త్రిభుజమునకు ఆధారమగును. గొలుసు పట్టి నేలను కొలుచు పని ఒక్కసారితో సరి, తరువాత కోణములే. కొండనుండి కొండకు, గుడి గోపురమునుండి బురుజునకు చూపు సాగించినచాలును. దక్షిణమునుండి ఉత్తరమునకు సుమారు 78వ రేఖాంశము వెంబడి సాగిన త్రిభుజముల వరుసకే మహాచాపమని పేరు వచ్చెను. దానితో దేశపటము మాత్రమే కాక, భూమి ఏ మేరకు గుండ్రమో, ధ్రువములయొద్ద ఎంత నొక్కుకొన్నదో తేల్చవలెనని లాంబ్టను ఉద్దేశము.

1819లో లాంబ్టను తన కొత్త సహాయకుని నిజాము రాజ్యపు తూర్పు భాగమునకు, కృష్ణా గోదావరుల మధ్య త్రిభుజములు అల్లుటకు పంపెను. అది వానకాలము. వర్షము కురిసి వెలిసిన పిమ్మట గాలిలోని దుమ్ము అణగి, దూరపు గుర్తులు స్పష్టముగ కనబడునని ఆ కాలమునే ఎన్నుకొనిరి. సర్వేకు అది మంచి కాలమే, మనుష్యులకు కాదు. యెల్లాపురమని ఆయన పేర్కొన్న అడవిలో జ్వరము వ్యాపించెను. ఎవరెస్టు పడిపోయెను. బృందమున వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడును అయిన హెన్రీ వాయిసీకి జ్వరము తప్పలేదు. సుమారు 150 మంది కూలీలు, ఖలాసీలు, సిపాయిలు ఒకరి వెంట ఒకరు మంచము పట్టిరి. హైదరాబాదునుండి ఏనుగులు, పల్లకీలు, బండ్లు పంపి వారిని తరలింపవలసి వచ్చెను. దాదాపు 15 మంది దారిలోనే మరణించిరి. ఆ 15 మంది పేర్లు ఏ శిఖరమునకును పెట్టబడలేదు.

కోలుకొనుటకు ఆయనను 1820లో దక్షిణాఫ్రికా కొసనగల కేప్ కాలనీకి పంపిరి. జ్వరము తగిలిన మనుష్యుడు సముద్రపు గాలి పీల్చి ఊరకుండలేదు. 1752లో లకాయ్ అను ఫ్రెంచి ఖగోళజ్ఞుడు ఆ చోటనే ఒక రేఖాంశచాపమును కొలిచియుండెను. ఆయన లెక్కనుబట్టి చూచినచో భూమధ్యరేఖకు దక్షిణమున భూమి ఆకారము ఉత్తరమునందున్నట్లు లేదు. ఇది శాస్త్రజ్ఞులకు చాల కాలముగా మింగుడుపడని విషయము. ఎవరెస్టు లకాయ్ నిలిచిన చోట్లను వెదకుచు పోయి, అక్కడి కొండలను చూచి కారణము గ్రహించెను. లకాయ్ నక్షత్రముల ఎత్తును కొలిచినది గుండుదారము చూపు నిలువునుబట్టి. ఆ గుండును పక్కనున్న పర్వతములు తమవైపునకు లాగినవి. నిలువు ఒరిగినది కనుక అక్షాంశము తప్పినది. అక్షాంశము తప్పినది కనుక భూమి ఆకారమే తప్పుగ కనబడినది.

ఇక్కడ ఒకింత ఆగి బండి ఉదాహరణకు మరల పోవుట మంచిది. రామగుండము స్టేషనులో కదలబోవు పెట్టెలో ఒక బాలుడు పై బల్లకు దారము కట్టి తాళపుచెవిని వ్రేలాడదీసెననుకొందము. బండి వేగము పుంజుకొనుచున్నంతసేపు చెవి వెనుకకు ఒరిగియుండును. వేగము నిలకడ చెందగానే తిన్నగా నిలుచును. బ్రేకు పడినప్పుడు ముందుకు ఒరుగును. ఇప్పుడు కిటికీలన్నియు మూసివేయుడు. చెవి వెనుకకు ఒరిగినది. కారణము బండి వేగము పెరుగుటయా, పట్టాలు ఎక్కుదారి పట్టుటయా, లేక వెనుకప్రక్క ఒక పెద్ద పర్వతము చెవిని లాగుటయా? దారమును మాత్రమే చూచి దీనికి సమాధానము చెప్పు ఉపాయము లేదు. 1907లో ఐన్‌స్టైనును మరింత దూరము తీసికొనిపోయిన ఆలోచన ఈ జాతికి చెందినదే. ఎవరెస్టుకు ఆ సిద్ధాంతము తెలియు అవకాశము లేదు. కాని దారము చెప్పు నిలువు ఆ చోటి నిలువు మాత్రమే అని ఆయనకు కేపులోని కొండలు నేర్పినవి.

పర్వతము లేనిచోటకూడ గుండు భూకేంద్రమువైపు చూచునని మన విద్యార్థులు తలంతురు. అదియు సరి కాదు. భూమి తిరుగుచున్నది, తిరుగుచు నడుమ ఉబ్బినది. రామగుండము అక్షాంశము సుమారు 18.8 డిగ్రీలు. అక్కడ గుండు చూపిన దారిని నేలలోనికి తిన్నగ పొడిగించుకొనుచు పోయినచో ఆ రేఖ భూకేంద్రమునకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున తప్పిపోవును.

లాంబ్టను 1823 జనవరి 20న హింగన్‌ఘాట్ వద్ద డేరాలోనే మరణించెను. బాధ్యత ఎవరెస్టుపై పడెను. ఆయన చాపమును మధ్యభారతములోని సిరోంజు దాక తీసికొనిపోయి, అక్కడ ఆధారరేఖను కొలిచి, శరీరము పూర్తిగా దెబ్బతినగా 1825లో ఇంగ్లండు పోయెను. అయిదేండ్లు అక్కడ గడపి, కొత్త యంత్రములను తయారు చేయించెను. 1830లో తన గ్రంథమును ప్రకటించెను. అందు వర్ణింపబడిన చాపము 18 డిగ్రీల 3 నిమిషముల అక్షాంశమున మొదలగును. ఆ మొదటి స్థానము బీదరు ప్రాంతపు దామర్‌గిద్ద. చివరి స్థానము 24 డిగ్రీల 7 నిమిషముల వద్దనున్న కల్యాణ్‌పూర్. రామగుండపు అక్షాంశము ఈ రెంటి నడుమనే పడుచున్నది. ఈ కొలతలనుండి ఆయన నిర్ణయించిన భూమి ఆకారమునకే ఎవరెస్టు దీర్ఘవృత్తజమని పేరు. దాని ప్రకారము భూమధ్యరేఖా వ్యాసార్ధము 6,377,276 మీటర్లు. నేటి కొలతకంటె సుమారు 860 మీటర్లు మాత్రమే తక్కువ. చేతి యంత్రములతో, జ్వరములనడుమ సాధించిన లెక్క ఇది.

1830లో ఆయన సర్వేయర్ జనరలుగా తిరిగివచ్చెను. గంగా మైదానములో కొండలు లేవు; అందుచేత ఇటుక బురుజులు కట్టించెను. చూపునకు అడ్డమైన చెట్లను కొట్టించెను, ఇండ్లను తీయించెను. ఆ గ్రామస్థుల మాట చరిత్ర అంతగా వినలేదు. పగటి పొగమంచును తప్పించుకొనుటకు రాత్రివేళ దీపములు వెలిగించి చూచు పద్ధతిని స్థిరపరచెను. వానకాలపు అడవిజ్వరములను తప్పించుటకు కూడ అది తోడ్పడెను. మనిషి కోపిష్ఠి. క్రిందివారితోను, పైవారితోను కలహమాడెను. తనను కంపాసువాలా యని పిలిచినందుకు మండిపడెనని ప్రసిద్ధి. అయినను ప్రజ్ఞ ఎచట కనబడినను గుర్తించెను. ఆర్కాటునుండి వచ్చిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేను యంత్రములు బాగుచేయుటలో ఆయనకు కుడిభుజమయ్యెను. 1831లో చేరిన బెంగాలీ యువకుడు రాధానాథ్ సిక్దారు గణితమును ఆయన మిక్కిలి మెచ్చుకొనెను.

చాపము ఉత్తరపు కొసను ఎక్కడ ఆపవలెనన్న సమస్య వచ్చినప్పుడు కేపు పాఠము ఆయనకు ఉపయోగపడెను. త్రిభుజములు హిమాలయపాదముల దాక పోయినవి. కాని నక్షత్రపరిశీలనకు మాత్రము ఆయన పర్వతములకు ఎడముగ, మైదానమునందలి కలియానా యను చోటును ఎన్నుకొనెను. దూరముగ ఉన్నచో గుండు ఒరగదని ఆశ. ఆశ పూర్తిగ ఫలింపలేదు. కల్యాణ్‌పూరునుండి కలియానాకు సుమారు 600 కిలోమీటర్లు. ఈ రెంటి అక్షాంశముల తేడాను త్రిభుజములతో లెక్కించిన ఒక సంఖ్య వచ్చెను; నక్షత్రములను చూచి లెక్కించిన మరియొక సంఖ్య వచ్చెను. రెంటికిని భేదము 5.236 సెకనులు. నేలమీద అది సుమారు 160 మీటర్లు. ఎవరెస్టు దానిని కొలతలలో పోగుపడిన దోషముగ భావించి చాపము పొడుగునను పంచివేసెను. గుండు స్వభావము అందరికంటె బాగుగ తెలిసిన మనిషి ఈ చోట గుండును శంకింపక గొలుసును శంకించుట విచిత్రముగనే తోచును.

ఆయన 1843లో పదవి విడిచెను. తరువాత కలకత్తాలో క్రైస్తవ మతాధికారియైన జాన్ ప్రాట్ ఆ భేదమును హిమాలయములకు అంటగట్టి, పర్వతముల బరువును అంచనా వేసి, 1855లో లెక్క ప్రకటించెను. ఫలితము మరింత చిక్కు తెచ్చిపెట్టెను. ఆ లెక్క ప్రకారము భేదము 15.885 సెకనులు ఉండవలెను. కనబడినది దానిలో మూడవ వంతు మాత్రమే. అంత పెద్ద పర్వతములు అంత తక్కువగ ఏల లాగుచున్నవి? పర్వతముల క్రింద తేలికపాటి శిల లోతుగ దిగియున్నదనియు, నీటిలో తేలు దూలమువలె అవి బరువైన పొరపై తేలుచున్నవనియు జార్జి ఎయిరీ ఆ సంవత్సరమే సమాధానమిచ్చెను. నేడు భూగర్భశాస్త్రమున సమస్థితి యని బోధింపబడు విషయమునకు అది ఆరంభము. గుండు ఒరిగిన 5 సెకనులనుండి పర్వతముల వేళ్లు బయటపడినవి.

ఎవరెస్టు జ్వరపడిన ఆ నదుల నడిమి దేశముననే, 1871లో జియాలజికల్ సర్వేకు చెందిన విలియం కింగు యెల్లందు వద్ద బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1960ల ఆరంభమున గోదావరిఖనియందు గనులు తెరవబడెను. నిట్టనిలువు బావిద్వారా దిగు గనియందు పైనున్న దిక్కును క్రిందికి దింపుటకు పాతకాలమునుండి ఉన్న మార్గము మరల గుండుదారమే. బావిలో రెండు తీగెలు వ్రేలాడదీసి, ఊగకుండుటకు గుండ్లను నీటిలో ముంచి, ఆ రెండు తీగెల వరుసనే క్రింది దిక్కుగ గ్రహింతురు. తీగెలు 3 మీటర్ల ఎడముననుండి, ఒకటి 1 మిల్లీమీటరు జరిగినచో, కిలోమీటరు దూరమున సొరంగము సుమారు 33 సెంటీమీటర్లు పక్కకు పోవును. గాలి తగిలినను, గోడకు తాకినను ఆ మాత్రము జరుగును. పాతపనులలో నీరు నిలిచియున్నచోట పటము ఎంత ఖచ్చితముగ ఉండవలెనో ఆ ప్రాంతపు కుటుంబములకు వేరే చెప్పనక్కరలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడవ నంబరు గనిలోనికి నీరు పొంగివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. నేడు తిరుగుడు చక్రముగల గైరో థియొడొలైటు ఆ పనికి వచ్చినది. అది భూమి తిరుగుటను పసిగట్టి ఉత్తరమును తానే చూపును. అనగా చట్రము కదలుచున్నదన్న సంగతినే పనిముట్టుగ మార్చుకొన్నారు.

మన దేశపటములు చిరకాలము ఎవరెస్టు దీర్ఘవృత్తజమునే ఆధారముగ కొని, కల్యాణ్‌పూరును మూలముగ గ్రహించి గీయబడినవి. ఆ చట్రమున కేంద్రము భూమి నిజకేంద్రమునకు సుమారు 800 మీటర్ల ఎడముననున్నది. అందరును ఆ చట్రముననే కొలుచుకొన్నంతకాలము దానివలన చిక్కు రాలేదు. ఉపగ్రహములు వచ్చి భూకేంద్రమునుండి కొలుచుట మొదలిడినప్పుడే రెండు పటములు కలియుట మానినవి. 2005 నాటి జాతీయ పట విధానము పిమ్మట ప్రజలకిచ్చు పటములు కొత్త చట్రమునకు మారినవి. పాత పటమునందలి గుర్తును కొత్త పరికరముతో నేలపై వెదకువాడు మార్పు లెక్క కట్టనిచో వేరొక చోట నిలుచును.

ఎవరెస్టు ఇంగ్లండులో స్థిరపడి 1846లో వివాహమాడెను. 1847లో తన కొలతల రెండవ గ్రంథమును ప్రకటించెను. ఆయన స్థానమున వచ్చిన ఆండ్రూ వా, పదునైదవ శిఖరమని అంకె వేసికొన్న కొండ ఎత్తు 29,002 అడుగులని 1856లో తెలియజేసి, దానికి తన గురువు పేరు సూచించెను. ఆ లెక్కలో సిక్దారు పాలు పెద్దది. స్థానిక నామములనే వాడవలెనని పట్టుబట్టు ఎవరెస్టు, తన పేరు ఈ దేశపు జనులు పలుకలేరని 1857లో అభ్యంతరము తెలిపెను. ఆయన పలుకుబడి ప్రకారము అది ఈవ్‌రెస్ట్. నేడు ఆంగ్లేయులు కూడ అట్లు పలుకరు. 1861లో సర్ బిరుదము వచ్చెను. 1865లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ శిఖరమునకు ఆ పేరు ఖాయము చేసెను. మరుసటి సంవత్సరము డిసెంబరు 1న ఆయన లండనులో మరణించెను. దక్షిణ సముద్రతీరమున హోవ్ పట్టణపు సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆవరణలో ఆయన సమాధి కలదు.