సి. ఆర్. సుబ్బరామన్: తెలుగు పాటలో సముద్రాంతర లయ

డి. జె. పెట్టెలో మ్రోగే రికార్డు పాటకు డప్పు కళాకారులు తమ దరువును జోడించి వాయించడం నేటి పెళ్ళి ఊరేగింపులలో మన విద్యార్థులు ఎరిగినదే. ఆ పాటలలో లాటిన్ అమెరికా నృత్యలయలు తరచు వినవస్తుంటాయి. ఇదంతా నిన్న మొన్న పుట్టిన వింత అని కొందరూ, మన సంగీతానికి పట్టిన చీడ అని మరికొందరూ తలచుచున్నారు. ఈ రెండు అభిప్రాయాలూ సరియైనవి కావని మా నమ్మకం. డెబ్బది ఏళ్ళకు పూర్వమే ఆ లయలను దక్షిణ భారత చలనచిత్రాలలో ప్రవేశపెట్టిన తొలితరం వారిలో అగ్రగణ్యులు సి. ఆర్. సుబ్బరామన్.

సుబ్బరామన్ 1924లో తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలో జన్మించారు. చిన్ననాడే కర్ణాటక సంగీతం అభ్యసించి, హార్మోనియంపై అసాధారణమైన అధికారం సంపాదించారు. ఇంకా మీసకట్టు రాని వయసులోనే మద్రాసులో హిజ్ మాస్టర్స్ వాయిస్ గ్రామఫోను సంస్థలో ప్రవేశించారు. 1943 నాటి 'చెంచులక్ష్మి' కాలానికే చిత్రసంగీతంలో పాలుపంచుకున్నారు.

అప్పటి ప్రపంచాన్ని కొంచెం తలచుకోవాలి. 1930లో న్యూయార్కులో డాన్ అస్పియాసు బృందం రికార్డు చేసిన ఒక క్యూబా గీతం 'రుంబా' మోజును దేశదేశాలకు వ్యాపింపజేసింది. తరువాతి దశాబ్దంలో కార్మెన్ మిరాండా నటించిన హాలీవుడ్ చిత్రాలు సాంబా లయను వెండితెరకెక్కించాయి. బొంబాయిలో సి. రామచంద్ర ఈ బాణీలను హిందీ పాటలకు అలవరచగా, మద్రాసులో ఆ పని సుబ్బరామన్ చేపట్టారు.

ఆ లయలో కిటుకు ఏమిటి? ఎనిమిది మాత్రలను నాలుగు, నాలుగుగా గాక మూడు, మూడు, రెండుగా విరుచుట అందులో ముఖ్యమైనది. మన మృదంగ విద్వాంసునకు ఈ లెక్క పరాయిది కాదు. ఊనిక పడే చోటు మారడమే కొత్త. కనుకనే ఆ లయ మన గాయకుల గొంతులో ఇమిడిపోయింది. నూజివీడు రైతుకు దీనిని వివరించ నక్కరలేదు. నాటు మొక్క వేరు బలంగా ఉంటేనే గదా అంటు నిలిచేది! కర్ణాటక సంగీతపు వేరు లేని వారు అదే లయను అనుకరించినపుడు అది ఎంత పేలవంగా ఉంటుందో శ్రోతలు ఎరుగుదురు.

భానుమతీ రామకృష్ణారావుల భరణీ సంస్థ చిత్రం 'రత్నమాల' (1948)కు సుబ్బరామన్ సంగీతం కూర్చినపుడు ఘంటసాల ఆయనకు సహాయకులు. ఆ మరుసటి సంవత్సరం 'లైలా మజ్ను' వచ్చింది. అరబ్బు దేశపు ప్రేమగాథకు తగిన వాతావరణాన్ని తెలుగు పాటలోనే ఆయన కల్పించారు. తమిళ చిత్రం 'మణమగళ్' (1951)లో ఎం. ఎల్. వసంతకుమారి చేత భారతి గీతాన్ని రాగమాలికగా పాడించినదీ ఆయనే. పడమటి లయ తెచ్చినవాడు రాగమాలిక మరచినవాడు కాదని విమర్శకులు గుర్తించాలి. ఆయన వాద్యబృందంలో ఎం. ఎస్. విశ్వనాథన్ హార్మోనియం, టి. కె. రామమూర్తి వయొలిన్ వాయించేవారు.

శరత్ నవల ఆధారంగా వినోదా వారు తలపెట్టిన 'దేవదాసు' ఆయనకు కీర్తికిరీటం కావలసినది. ఇందులో నృత్యలయల ఆర్భాటం తక్కువ. వాద్యాలను అణచి, ఘంటసాల కంఠానికి చోటిచ్చారు. కాని చిత్రం పూర్తికాక మునుపే, 1952లో, ఇరవై ఎనిమిదేళ్ళ ప్రాయంలో సుబ్బరామన్ కన్నుమూశారు. మిగిలిన సంగీతాన్ని విశ్వనాథన్, రామమూర్తులు పూర్తిచేశారు. 1953 జూన్ 26న 'దేవదాసు' విడుదలైంది. అక్కినేని, ఘంటసాల ఇరువురూ మన గుడివాడ ప్రాంతపు వారు కావడంచేత వారి పేర్లు ఇక్కడ ఇంటింటా వినిపిస్తాయి. ఆ పాటలకు వరుసలు కట్టినవాని పేరు అడిగితే మా తరగతిలో చేతులెత్తేవారు ఒకరిద్దరే. ఆ సంవత్సరమే విడుదలైన 'చండీరాణి'లో ఆయన విడిచిన పనిని కూడా విశ్వనాథనే ముగించారు.