కుడి ఎడమల శాస్త్రానికి స్వర్ణోత్సవ అభినందనలు

ఈ 2026 ఆక్లండ్ విజ్ఞాన లోకానికి రెండు పండుగల సంవత్సరం. మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ కార్బాలిస్‌ తొంభయ్యో జయంతి ఈ ఏడాదే. ఐవన్ బీల్‌తో కలిసి ఆయన రాసిన 'ది సైకాలజీ ఆఫ్ లెఫ్ట్ అండ్ రైట్' 1976లో వెలువడింది. అంటే ఆ పుస్తకానికి ఇది స్వర్ణోత్సవం. కార్బాలిస్ గారు 2021లో కన్నుమూశారు. ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయం ఉన్న ఈ నగరంలోనే, బోటనీ డౌన్స్‌లో కాపురముంటున్న తెలుగువాళ్లం మనం. ఈ పండుగలో మనకూ భాగముంది.

ఎందుకంటే ఆయన పట్టుకున్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. అయిదేళ్ల పాప ఇంగ్లిషు 'బి'ని 'డి'లా రాస్తుంది. మూడు అంకెను అటు తిప్పి రాస్తుంది. ఆ గీతను తలకిందులు చేయడం అరుదు, అద్దంలో కనిపించినట్టు తిప్పడం మాత్రం మామూలు. ఎందుకలా? మన శరీరమూ మెదడూ దాదాపు రెండు సమానమైన సగాలు. అడవిలో పులి ఎడమ నుంచి వచ్చినా కుడి నుంచి వచ్చినా పులే. అందుకే కుడి ఎడమల తేడా పట్టించుకోకపోవడమే ప్రాణికి మేలు. అక్షరాలొచ్చాకే ఆ తేడా ముఖ్యమైంది. బీల్, కార్బాలిస్‌లు పావురాలపై ప్రయోగాలు చేసి, మనుషుల తీరును పరిశీలించి, ఈ ఆలోచనకు శాస్త్రరూపం ఇచ్చారు. పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో పరిశోధించిన ఫ్రెంచి శాస్త్రవేత్త స్టానిస్లాస్ దెహాన్ కూడా వారి కృషిని ప్రస్తావించారు.

కార్బాలిస్ 1936లో న్యూజీలాండ్‌లోని మార్టన్‌లో పుట్టారు. మొదట గణితం, తర్వాత మనస్తత్వ శాస్త్రం చదివారు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 1965లో డాక్టరేట్ పొంది, అక్కడే పాఠాలు చెప్పి, 1978లో ఆక్లండ్‌కు తిరిగి వచ్చారు. అప్పటి నుంచి ఆయన కలం ఆగలేదు. వందల పరిశోధన పత్రాలు రాశారు. 'లాటరాలిటీ' పత్రికకు 1996లో వ్యవస్థాపక సంపాదకుల్లో ఒకరయ్యారు. 'ది లాప్‌సైడెడ్ ఏప్', 'ఫ్రమ్ హ్యాండ్ టు మౌత్', 'ది రికర్సివ్ మైండ్', 'ది వాండరింగ్ మైండ్' వంటి పుస్తకాలతో మామూలు పాఠకుల దాకా వచ్చారు.

వీటిలో 2002లో వచ్చిన 'ఫ్రమ్ హ్యాండ్ టు మౌత్' మన తెలుగువాళ్లకు మరీ దగ్గర. మనిషి భాష గొంతులో కాక, చేతుల్లో మొదలైందని అందులో ఆయన వాదించారు. ఫోన్లో మాట్లాడుతూ కూడా చేతులు ఊపేవాళ్లం, కూచిపూడి హస్తముద్రలతో కథలు చెప్పుకున్నవాళ్లం ఆ వాదాన్ని ఆసక్తితో వినకుండా ఉండగలమా? శిష్యుడు థామస్ సడన్‌డార్ఫ్‌తో కలిసి, గడిచిన కాలంలోకీ రాబోయే కాలంలోకీ మనసు చేసే ప్రయాణం గురించి 1997లో, మళ్లీ 2007లో ఆయన రాసిన పత్రాలు ఆ రంగానికి దారి చూపాయి. రచనల సంఖ్య కన్నా ఈ విస్తృతే ఆయన ఘనత. ఒక కుడి ఎడమల ప్రశ్న పట్టుకుని భాష దాకా, జ్ఞాపకం దాకా నడిచారు. న్యూజీలాండ్ రాయల్ సొసైటీ తె అపారంగి ఆయన్ను 2016లో రూథర్‌ఫర్డ్ పతకంతో సత్కరించింది.

ఆయనలో మరింత గౌరవించదగ్గది నిజాయితీ. జీవితమంతా మెదడు రెండు సగాల మధ్య తేడాలనే అధ్యయనం చేసినా, 'ఎడమ మెదడు లెక్కలకు, కుడి మెదడు కళలకు' అనే బజారు ప్రచారాన్ని ఆయన ఒప్పుకోలేదు. నిజమేదో, ఊహాగానమేదో విడదీస్తూ 2014లో ప్రత్యేకంగా వ్యాసం రాశారు.

అందుకే ఈ సందర్భంగా మన బోటనీ డౌన్స్ తల్లిదండ్రులకు, ఊరి నుంచి వచ్చే అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఒక మనవి. పసివాళ్లు అక్షరం తిప్పి రాస్తే కోప్పడకండి, చాలామందిలో అది ఎదిగేకొద్దీ సర్దుకుంటుంది. పుర్రచెయ్యి అని పెన్సిలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చకండి. కాలేజీకి వెళ్లబోతున్న పిల్లలకు ఈ శాస్త్రం కూడా ఒక దారి అని చెప్పండి. ఆయన పుస్తకం ఒక్కటైనా గ్రంథాలయం నుంచి తెచ్చి చదవండి.

కార్బాలిస్ గారికి తొంభయ్యో జయంతి వందనాలు. యాభై ఏళ్ల ఆ పుస్తకానికి, దాన్ని రాసిన ఇద్దరికీ మన హృదయపూర్వక అభినందనలు!