కొండవాగు నుంచి చేపల చెరువు దాకా: సుందర్ లాల్ హోరా

సాత్పురా కొండల్లో పుట్టిన తపతీ నది సూరత్ నగరాన్ని దాటి, హజీరా వద్ద అరేబియా సముద్రంలో కలుస్తుంది. తూర్పు హిమాలయాల వాగుల్లోని చేపలు పూర్వం ఆ కొండల వరుస వెంబడే పడమటి కనుమలకు చేరాయని 1949లో ప్రతిపాదించిన శాస్త్రవేత్త డాక్టర్ సుందర్ లాల్ హోరా. ఆ ప్రతిపాదనపై నేటికీ చర్చ సాగుతోంది. అయితే చేపల రైతు ఆయనను స్మరించుకోవలసిన కారణం వేరొకటి ఉంది.

హోరా 1896లో, నేటి పాకిస్తాన్‌లోని హఫీజాబాద్‌లో జన్మించారు. లాహోర్‌లో జంతుశాస్త్రం చదివి, నెల్సన్ అనండేల్ ఆహ్వానంపై 1919లో కలకత్తాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థలో చేరారు. మణిపూర్ చేపలను పరిశీలించారు. ఉద్ధృతమైన ప్రవాహంలో కొట్టుకుపోకుండా రాళ్లను అంటిపెట్టుకుని బతికే జీవుల శరీర నిర్మాణంపై ఆయన చేసిన పరిశోధన అంతర్జాతీయ గుర్తింపు పొందింది.

1942లో ఆయన బెంగాల్ మత్స్యశాఖ సంచాలకులయ్యారు. మరుసటి ఏడాదే ఆ ప్రాంతాన్ని ఘోర కరువు కబళించింది. చెరువులో చేప చనిపోతే పేదవాని కంచంలో కూడు తగ్గే రోజులవి. ఆ 1943లోనే, పెంపకపు చేపలను పెద్ద సంఖ్యలో చంపుతున్న ఆర్గులస్ అనే పేనుపై హోరా పత్రం ప్రచురించారు.

ఈ పేను రొయ్య జాతికి దూరపు బంధువు. చేప చర్మానికి అతుక్కుని రక్తం పీలుస్తుంది. ఆ గాయాల గుండా ఇతర వ్యాధులూ ప్రవేశిస్తాయి. పారే నదిలో చేపలు చెదిరి ఉంటాయి గనుక దీని బెడద తక్కువ. కదలని నీటిలో, కిక్కిరిసిన చెరువులో అదే ప్రాణాంతకమవుతుంది.

1947లో సర్వేక్షణ సంస్థ సంచాలకులైన హోరా 1955 డిసెంబరులో కన్నుమూశారు. పిళ్లైతో కలిసి రచించిన చేపల పెంపకపు కరదీపిక 1962లో వెలువడింది.

నేటికీ ఆంధ్రప్రదేశ్‌లో శీలావతి, బొచ్చె పెంచే రైతులకు ఈ పేను తెలిసిన శత్రువే. ఇది గట్టి వస్తువులపై గుడ్లు పెడుతుంది. అందుకే వెదురు కర్రలను నీటిలో ఉంచి, గుడ్లు పట్టాక తీసి ఎండబెట్టడం, పంట తీశాక చెరువును ఆరబెట్టడం, పిల్లలను మితంగా వదలడం మందుకన్నా ముందు పాటించవలసిన జాగ్రత్తలు.